నోరు కాలిన పిలుపు

వేటగద్దల సంగతి ఎత్తితే చాలు, సాదిర్‌బాయ్ తాత నోటికి మూత ఉండదు. ఆ మాటలు రాసుకోవడానికే నూర్జత్ అనే పిల్ల పట్నం నుంచి కొండమీదికి వచ్చింది. పొద్దుటి నుంచి డేరా ముందు కూర్చుని పుస్తకం నింపుతోంది. గద్ద కళ్లకు తొడిగే తోలు టోపీ తొమొగో. గూట్లోంచి తెచ్చిన కూన బాలాపాన్. పాత ఈకలు రాల్చి కొత్తవి తొడిగితే త్యులోక్.

"మరి మీ గద్దను చేతిమీదికి ఏమని పిలిచేవారు తాతా?"

"అది చెప్పను."

తాత భార్య కలీపా పులిసిన గుర్రప్పాల గిన్నెలు అందిస్తూ కిసుక్కున నవ్వింది. "నేను చెప్తా రాసుకోవే. మొదటిరోజు ఎంత బతిమాలినా ఆ మహాతల్లి కదల్లేదు. ఈయన విసిగి వేడి టీ గుటుక్కున తాగాడు. నోరు కాలి 'హోపాయ్' అన్నాడు. అంతే, రివ్వున వచ్చి చేతిమీద వాలింది! ఆ పిలుపు పుట్టుక అదీ."

"నీ నోరు పడ! మెల్లగా అనవే!" తాత ఎదురుకొండకేసి చూశాడు.

పదేళ్లు వేటాడిన గద్దను ఇంకా కట్టి ఉంచడం పాపమని వాళ్ల నమ్మకం. నాలుగేళ్ల కిందట గొర్రెను కోసి, ఊరికి భోజనం పెట్టి, తన గద్దను ఆ కొండమీదే వదిలాడు. తను పిలిస్తే గూడూ పిల్లల్నీ విడిచి వచ్చేస్తుందని, ఆనాటి నుంచి ఆ మాట పలకలేదు. ఎంత బెంగపడ్డాడో! పిలవాలని రోజూ ప్రాణం కొట్టుకునేది, రోజూ దిగమింగేవాడు.

"హొప్పయ్," నూర్జత్ పలికి చూసుకుంది. "ఇంతేనా తాతా? హొప్పయ్?"

"కాదు."

"హోప్పై?"

"ఛ! పలుకు చంపేస్తున్నావే పిల్లా! అలా కాదు, హోపా...య్!"

కొండ మారుపలికింది. చేసిన పని అప్పుడు తెలిసింది తాతకు. కుడిచెయ్యి దానంతటదే చాచుకుని ఉంది. ముగ్గురూ ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయారు. ఎంతసేపు చూసినా గద్దలాంటి నల్లచుక్క ఒక్కటి కూడా కదల్లేదు.

"మంచిదే," అన్నాడు తాత. "మరిచిపోయింది. హాయిగా సంసారం చేసుకుంటోంది. రాసుకో తల్లీ."

చెయ్యి మాత్రం దించలేదు. భార్యవైపు తిరిగాడు. "ఒసే, ఎదురుగాలి కదూ? వినపడి ఉండదు."

గడ్డిపోచ కూడా కదలడం లేదు.

"అవునయ్యా," అంది కలీపా. "పాడు గాలి."