కోసేసిన మూడు పంక్తులు

ఆ ఉత్తరాన్ని విన్ రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వుమొహంతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. రెండోసారి కుర్చీలోంచి లేచి నిలబడి చదివింది.

"మెరిన్, ఫెర్గస్, పని ఆపి ఇటు రండి," అంది.

సిగ్నెట్ ఊళ్ళో ఒకప్పుడు ఆపిల్ పళ్ళను పెట్టెల్లో సర్దిన రేకుల షెడ్డే 'టైడ్‌లైన్' పత్రికకు ఆఫీసు. కుదురు తప్పిన మనసుకు రాతా, బొమ్మా ఎలా ఆసరా అవుతాయో చెప్పే పత్రిక అది. మూడు నెలలకోసారి వస్తుంది. హ్యూవన్ లోయ పొడుగునా ఆసుపత్రుల్లో, లైబ్రరీల్లో, కాఫీ దుకాణాల్లో ఊరికే పెడతారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన విన్ దానికి సంపాదకురాలు. బడిపంతులు ఉద్యోగం వదిలేసిన ఫెర్గస్ పైక్ వ్యాసాలు రాస్తాడు. బొమ్మలూ, పేజీల కూర్పూ మెరిన్ పని. ముగ్గురూ ఏదో ఒక కాలంలో లోపల విరిగి, మళ్ళీ అతుక్కున్నవాళ్ళే. అందుకే ఆ పత్రికంటే వాళ్ళకు ప్రాణం.

విన్ ఉత్తరాన్ని పైకి చదివింది.

"'చెయ్యి తిరిగొచ్చింది' అన్న మీ వ్యాసం చదివాను. మాత్రలు మానేశాక చెయ్యి తేలికపడిందని రాశారు. నాకు పదకొండేళ్ళుగా మూర్ఛ. మాత్రల వల్ల చెయ్యి వణుకుతుంది, గీత నిలవదు. అందుకే ఆదివారం నుంచి మానేశాను. ఇవాళ మంగళవారం. ఈ బొమ్మ చూడండి, గీత ఎంత నిబ్బరంగా ఉందో! శుక్రవారం గాలి ఉండదట. పడవ వేసుకుని వెళ్ళి, నీళ్ళ మీద కూర్చుని మా కొండను గీస్తాను. అంతా మీ చలవే. ఇట్లు, లోర్నా."

ఆ రోజు శుక్రవారం. గోడ గడియారంలో పదింబావు అయింది. బయట ఆకు కూడా కదలడం లేదు.

"మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానేసిందా?" విన్ గొంతు నర్సు గొంతైపోయింది. "ఏ నిమిషాన్నయినా ఫిట్స్ రావచ్చు. అదీ పడవలో, ఒంటరిగా!"

ఫెర్గస్ మొహం ఎర్రబడింది. "నేను మానెయ్యమని రాయలేదే! మా డాక్టరు చెప్పినట్టు నాలుగు నెలల్లో కొద్దికొద్దిగా తగ్గించానని రాశాను. నన్ను చూసి ఎవరూ ఇలా చెయ్యొద్దు, మీ మందు సంగతి మీ డాక్టర్ని అడగండి అని స్పష్టంగా రాశాను. తియ్యండి సంచిక, చూపిస్తాను!"

విన్ బీరువాలోంచి సంచిక తీసి పేజీ తిప్పింది. ఫెర్గస్ వేలు పంక్తుల మీద జారుతూ కిందికొచ్చింది. పేజీ అడుగున మెరిన్ గీసిన కొంగ బురదలో ఒంటికాలి మీద నిలబడి ఉంది. దానికి పైన వ్యాసం ముగిసిపోయింది. ఆ మూడు పంక్తులూ లేవు.

"ఏమయ్యాయి?" అన్నాడు ఫెర్గస్. "విన్, నువ్వు తీసేశావా?"

"నేనా? నేను దిద్దినప్పుడు ఉన్నాయి. నాకు బాగా గుర్తు."

మెరిన్ కొంగ మీంచి చూపు తిప్పుకుంది. ఏమయ్యాయో ఆమెకు తెలుసు. పేజీలు ప్రెస్సుకు పంపే రోజు సాయంత్రం, కొంగ కాళ్ళు పేజీ అంచున తెగిపోతున్నాయి. బొమ్మను చిన్నది చేద్దామంటే మనసొప్పలేదు. పదిహేను రోజులు కష్టపడి గీసిన కొంగ అది. వ్యాసం చివర మూడు పంక్తులు కనిపించాయి. అందరికీ తెలిసిన జాగ్రత్తే కదా అనుకుని కోసేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనంత చిన్న పనిలా అనిపించింది.

"అదంతా తర్వాత. ముందు ఈమె ఎక్కడుందో చూడండి," అని విన్ కవరు తిరగేసింది. "ఇంటిపేరు లేదు, చిరునామా లేదు. ముద్ర హోబార్ట్‌ది. ఈ చుట్టుపక్కల ఎక్కడ వేసినా అదే పడుతుంది."

మెరిన్ బొమ్మను లాక్కుంది. వంటింటి కిటికీ లోంచి గీసిన దృశ్యం అది. ముందు నీళ్ళ కుళాయి, దాని వెనక సముద్రపు పాయ, పాయలో మూడు చిన్న దీవులు. పెద్ద దీవి ముందు చిన్నది సగం అడ్డం వచ్చింది.

"ఇది డోవర్," అంది. "ఇవి ఫెయిత్, హోప్, చారిటీ దీవులు. నేను అక్కడ ఎన్నిసార్లు గీశానో! ఫెర్గస్, కారు తియ్యి."

విన్ అప్పటికే ఫోను అందుకుంది. డోవర్ పోలీసాయన పలికాడు. దక్షిణాన దుంగల లారీ బోల్తా పడిందనీ, మనుషులు ఇరుక్కున్నారనీ, చేతిలో పని కాగానే వస్తాననీ చెప్పాడు. అంబులెన్సు వాళ్ళు ఇంటి చిరునామా అడిగారు. "దొరకగానే చెప్తాను, లైన్లో ఉండండి," అంటోంది విన్, వీళ్ళు బయటపడేసరికి.

డోవర్‌కి గంట ప్రయాణం. ఫెర్గస్ మామూలుగా ముసలి గుర్రంలా నడుపుతాడు. ఆ రోజు హ్యూవన్‌విల్ వంతెన మీద ముందున్న ట్రాక్టరును హారన్ కొట్టి మరీ దాటాడు.

"విన్‌కి మతిమరుపు వచ్చేసింది," అన్నాడు. "చెప్తే ఏడుస్తుందని ఊరుకున్నాను గాని, పోయిన సంచికలో కూడా ఒక పేరు తప్పు పడింది. ఈసారి నా పేరు మీద ఒక మనిషి ప్రాణం పోతే నేనేం చెయ్యాలి? చెప్పు మెరిన్, ఇంకెప్పుడైనా కలం పట్టగలనా?"

మెరిన్ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. గీవ్‌స్టన్ దాటింది. చెట్ల మధ్య ఫోనుకు సిగ్నలు వస్తూ పోతూ ఉంది.

"విన్ కాదు," అంది చివరికి. "నేనే తీశాను. కొంగ కాళ్ళు తెగుతున్నాయని, ఆ మూడు పంక్తులూ నేనే కోసేశాను."

ఫెర్గస్ కారు ఆపలేదు. అరవలేదు. రెండు మలుపులు తిరిగాక అడిగాడు.

"కొంగ కాళ్ళ కోసమా?"

"అవును."

"బాగుందే ఆ కొంగ," అన్నాడు. "వచ్చినవాళ్ళందరూ దాన్నే మెచ్చుకున్నారు."

తిట్టినా మెరిన్‌కు అంత బాధ ఉండేది కాదు.

ఊరి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆగారు. కౌంటరు దగ్గరున్నావిడ తల అడ్డంగా ఊపింది. "లోర్నానా? మాకు తెలిసిన లోర్నా పోయిన చలికాలంలో పోయింది. ఇంకెవరో కొత్తగా అద్దెకు దిగినావిడేమో. ఇక్కడికి రాని మనిషిని నేనెక్కడ చూస్తాను తల్లీ?"

మెరిన్ బొమ్మను కారు కిటికీకి ఆనించి పట్టుకుంది. కారు తీరం వెంట మెల్లగా కదులుతోంది. రేవు దగ్గర దీవులు మూడూ విడివిడిగా కనిపించాయి. "ఇక్కడ కాదు, ముందుకు పోనీ." కొండ ఎక్కి మలుపు తిరిగాక రెండు దగ్గరయ్యాయి. "ఇంకా, ఇంకా." చివరికి చిన్న దీవి పెద్దదాని ముందుకు జరిగి, బొమ్మలో లాగే సగం కప్పేసింది.

"ఆపు! కిందనున్న ఆ ఇల్లే!"

తలుపు గడియ వెయ్యలేదు. పిలిస్తే ఎవరూ పలకలేదు. వంటింట్లో అదే కుళాయి, అదే కిటికీ. గట్టు మీద వారానికి సరిపడా అరలున్న మాత్రల డబ్బా. శనివారం అర ఖాళీ. ఆదివారం నుంచి ఒక్క అరా తెరవలేదు. మెరిన్ కెటిల్ మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఫెర్గస్ విన్‌కి ఫోను చేసి ఇంటి నంబరు చెప్తుండగా మెరిన్ వెనకవాకిలి గుండా కిందికి పరిగెత్తింది.

పడవ ఒడ్డుకు ఎనభై గజాల దూరంలో ఉంది. అందులో నెరిసిన జుట్టావిడ నిటారుగా కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని గీసుకుంటోంది. నారింజ రంగు లైఫ్ జాకెట్టును మెత్తగా ఉంటుందని కింద వేసుకుని కూర్చుంది.

"లోర్నా గారూ!"

ఆమె చెయ్యెత్తింది. "ఎవరు నువ్వు? ముందుకు రాకు, వస్తే బొమ్మలో పడతావు!"

"నేను టైడ్‌లైన్ నుంచి వచ్చాను, బొమ్మలు వేసే మెరిన్‌ని. దయచేసి ఒడ్డుకు రండి. మీరు మాత్రలు మానకూడదు!"

"నా ఉత్తరం చేరిందన్నమాట!" లోర్నా గొంతులో సంబరం. ఆ వెంటనే అది ఆరిపోయింది. "అయితే నన్ను పట్టుకుపోవడానికి వచ్చావా? పో పిల్లా, పో. పదకొండేళ్ళ తర్వాత నా చెయ్యి నాకు దక్కింది. ఈ బొమ్మ పూర్తయ్యేదాకా దేవుడొచ్చి పిలిచినా రాను."

"ఆ వ్యాసంలో ఇంకో మూడు పంక్తులు ఉండాలి!" మెరిన్ నీళ్ళ అంచుకు వచ్చి అరిచింది. "డాక్టరు చెప్తేనే, నెలల తరబడి మెల్లగా తగ్గించానని ఆయన రాశాడు. ఎవరూ సొంతంగా మానొద్దని రాశాడు. నా బొమ్మకు చోటు చాలక నేను కోసేశాను. ఆయన తప్పు లేదు, మీ తప్పు లేదు. తప్పు నాది!"

లోర్నా గీయడం ఆపింది.

"ఏ బొమ్మ?" అంది లోర్నా.

"కొంగ. కాళ్ళు పేజీలో పట్టలేదు."

"అబ్బో! దాని కాళ్ళ కోసం నా నెత్తిన నిప్పులు పోశావన్నమాట." అట్టను పక్కన పడేసి తెడ్లు అందుకుంది. "వస్తున్నాను ఉండు. నీ మొహం దగ్గర్నుంచి చూడాలి నాకు."

తిట్టుకుంటూ, తెడ్లు గట్టిగా వేసుకుంటూ వస్తోంది. యాభై గజాలు. నలభై. మెరిన్ లెక్కపెడుతోంది. ముప్పై గజాల దగ్గర కుడి తెడ్డు నీళ్ళలోకి జారిపోయింది. లోర్నా దాన్ని అందుకోలేదు. తల ఒక పక్కకు తిరిగి, ఒళ్ళంతా కొయ్యబారి, పడవ అంచు మీదికి వాలిపోయింది. ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. పడవ అటే ఒరిగింది.

మెరిన్ బూట్లతోనే దూకింది. మే నెలంటే అక్కడ చలికాలపు మొదలు. నీళ్ళు ఒంటిని కోశాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఎలా ఈదిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. దగ్గరికి చేరేసరికి లోర్నా మొహం సగం నీళ్ళలో ఉంది. ఒక చేత్తో పడవ పట్టుకుని, రెండో అరచేతిని ఆ చెంప కింద పెట్టి పైకెత్తింది. తల బండరాయంత బరువు. అదురుడుకు దవడ వచ్చి ఆమె వేళ్ళ మీద కొడుతోంది.

"తాడు! తాడు విసురు!" ఫెర్గస్ అరుస్తున్నాడు. అతనికి ఈత రాదు. అయినా గుండెల్లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. మెరిన్ కాళ్ళు కొట్టుకుంటూ పడవను అతని వైపు తోసుకొచ్చి, పడవ ముక్కుకున్న తాడును పళ్ళతో అందుకుని, తలతో విదిలించింది. రెండోసారికి అతని చేతికి చిక్కింది.

గులకరాళ్ళ మీద లోర్నాను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఫెర్గస్ ఒడ్డున పడేసి వెళ్ళిన ఫోనులోంచి విన్ చెప్తూనే ఉంది. "నోట్లో ఏమీ పెట్టకండి. గట్టిగా పట్టుకోకండి. తల కింద మెత్తగా ఏదన్నా పెట్టండి. ఎన్ని నిమిషాలైంది?"

"నాలుగు," అన్నాడు ఫెర్గస్, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

ఐదో నిమిషం దాటాక అదురు తగ్గింది. పెదాలకు రంగు రాసాగింది. అంబులెన్సు కూత కొండ మీద వినిపించేలోపు ఫిట్స్ ఇంకోసారి వచ్చాయి. ఈసారి నిమిషాలు మెరిన్ లెక్కపెట్టింది.

ఆ సోమవారం ముగ్గురూ కూర్చుని ఒక కాగితం అచ్చు వేయించారు. ఆ మూడు పంక్తులూ అందులో ఉన్నాయి. వాటిని ఎవరు తీశారో, ఎందుకు తీశారో, దానివల్ల ఏం జరగబోయిందో మెరిన్ తన పేరుతో రాసింది. సంచిక పెట్టిన ప్రతి చోటికీ తానే వెళ్ళి, కాగితం ఇచ్చి, మిగిలిన ప్రతులు వెనక్కి తెచ్చింది. ఒక క్లినిక్ వాళ్ళు ఇకమీదట పత్రిక తేవద్దన్నారు. రాజీనామా చేస్తానంటే విన్ ఒప్పుకోలేదు. "చేస్తే నీకు హాయిగా ఉంటుంది. అందుకే వద్దంటున్నాను," అంది. ఫెర్గస్ వచ్చే సంచికకు ఏమీ రాయనన్నాడు. అతన్ని ఎవరూ బతిమాలలేదు.

గురువారం మెరిన్ హోబార్ట్‌లో ఆసుపత్రికి వెళ్ళింది. లోర్నా కిటికీ పక్క మంచం మీద ఉంది. పడవ అంచు తగిలిన నుదుటి మీద కుట్లు, కళ్ళ కింద నలుపు. మందు మారుస్తున్నారు, కొత్తది పడుతుందో లేదో చూస్తున్నారు.

"నువ్వేనా కొంగ?" అంది.

"నేనే. క్షమించండి అనడానికి కూడా నాకు..."

"ఆగు. నీ కాగితం చదివాను. నర్సు తెచ్చి ఇచ్చింది." లోర్నా దుప్పటి అంచు సర్దుకుంది. "తప్పంతా నాదే, నాదే అని రాసుకున్నావు. అంతా నువ్వే తీసుకుంటే నాకేం మిగుల్తుంది? పదకొండేళ్ళ రోగిష్టిని. మాత్రలు మానితే ఏమవుతుందో నాకు తెలియదనుకున్నావా? తెలుసు. మానెయ్యడానికి ఎవరో ఒకరు సరేననాలని చూస్తున్నాను. మీ పేజీ సరేనంది."

మెరిన్ మంచం పక్కన నిలబడే ఉంది.

"అలాగని నిన్ను వదిలేశాననుకోకు," అంది లోర్నా. "ఆ పంక్తులు చదివుంటే ఆగేదాన్నో లేదో నాకే తెలీదు. తెలుసుకునే వీల్లేకుండా చేశావు. దానికి నీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

"సరే," అంది మెరిన్.

"ఇక్కడి టీ కుక్క కూడా తాగదు. కింద కొట్లో మంచిది దొరుకుతుందట. పాలు ఎక్కువ, చక్కెర రెండు చెంచాలు."

మెరిన్ వరండాలోకి వచ్చింది. లిఫ్టు దాకా నడిచింది. గోడ పక్క కుర్చీలో కూలబడి, పడవ పక్కన నీళ్ళలో రాని ఏడుపంతా ఏడ్చింది. ఎవరో ముసలాయన ఏమీ అడక్కుండా చేతిరుమాలు ఇచ్చి వెళ్ళిపోయాడు. కాసేపటికి మొహం తుడుచుకుని, కిందికి దిగి, వరసలో నిలబడింది.

టీ తీసుకుని పైకి వచ్చేసరికి లోర్నా మంచానికి దగ్గరగా ఒక కుర్చీ జరిపి ఉంది.

"ఇంత ఆలస్యమా?" అంది లోర్నా. "కూర్చో."