రహమత్ రాసిన వానరోజు

తొమ్మిదో తరగతి రహమత్ తన ఇంగ్లీషు వ్యాసాన్ని గైడులోంచి మక్కికి మక్కి దించేసిందని బడి బడంతా నమ్మింది. ఆధారమేమిటని అడిగినవారు లేరు. వదంతిలో ఉన్న సౌకర్యమే అది.

నేను ఒక ఇంగ్లీషు గైడును. వారు అనుమానించిన గైడును నేనే.

బెజవాడలోని ఒక ఇరుకు ప్రెస్సులో, బళ్లు తెరిచే ముందరి హడావుడిలో పుట్టాను. నా మొదటి యజమాని సాంబయ్య నన్ను చదవలేదు. పరీక్షల కాలమంతా దిండు కింద పెట్టుకుని నిద్రపోయాడు. పాసయ్యాడు. ఆ ఘనత నాకు కట్టబెట్టారు. కార్యకారణ సంబంధం గురించి నాకు అప్పుడే అనుమానం మొదలైంది. తరువాత అతను నన్ను పొరుగింటి రహమత్‌కు ఇచ్చేశాడు.

ఒకనాడు సుదర్శనం మాస్టారు 'వాన కురిసిన రోజు' గురించి ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. తరగతి మొత్తం ఆయన గతంలో చెప్పి రాయించిన గొడుగునూ, పకోడీలనూ, కాగితం పడవలనూ ఒకే వరుసలో అప్పగించింది. వాటిని ఆయన శంకించలేదు. రహమత్ మాత్రం కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద వాన పడటం, వాటి మీద కప్పడానికి పట్టా లాగుతూ అమ్మ జారిపడటం, తడిసిన కాయను వ్యాపారి కాలితో తోసేయడం రాసింది.

"ఇది నీ సొంతమేనా?"

"అవును సార్."

"మీ ఇంట్లో ఇంగ్లీషు ఎవరికొచ్చమ్మా? మీ మేకకా?"

తరగతి గొల్లుమంది. ఆమె సంచిలో నా అట్ట కనిపించింది. "ఇదిగో, దొంగ దొరికింది!" అన్నారాయన. మండల వ్యాసరచన పోటీకి పంపవలసిన ఆమె పేరు అక్కడికక్కడే కొట్టేశారు.

రహమత్ ఏడుస్తూ హెడ్‌మిస్ట్రెస్ కరుణకుమారి గారి గదికి వెళ్లింది. ఆమె మాస్టారిని పిలిపించారు. ఆయన నన్ను చేతపట్టుకునే వచ్చారు.

"ఏ పేజీలో ఉందో చూశారా, మాస్టారూ?"

"చూడాలా మేడమ్? గైడన్నాక ఉండదా?"

నాలో ఆ పేరుతో వ్యాసం ఉన్న మాట నిజమే. విషయసూచికలో అది కనబడగానే మాస్టారి ముఖం వికసించింది, రహమత్ ముఖం పాలిపోయింది. కరుణకుమారి గారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు.

"మాస్టారూ, మీ దగ్గర బ్లేడుందా?"

"బ్లేడెందుకండీ?"

ఆ వ్యాసమున్న కాగితాలను ప్రెస్సువాళ్లు కోయడం మరిచిపోయారు. పై అంచూ పక్క అంచూ ఇంకా మడతగా అతికే ఉన్నాయి. అచ్చయిన నాటినుంచి ఆ పేజీని ఎవరూ తెరవలేదు.