మూడుసార్లు నయమైన పిల్ల

నేను ఒక రబ్బరు స్టాంపును. నా మొహాన ఉన్నది ఒకే ఒక్క మాట, ‘నయమైనది’. గుంటూరు కోర్టు సందులో మస్తాన్ సాయిబు నన్ను తెనాలి పశువుల డాక్టరు కోసం చేశాడు. ఆ డాక్టరు దగ్గర పదకొండేళ్లు పరువుగా బతికాను. గాలికుంటు తగ్గిన గేదె మేత ముట్టిందని కళ్లారా చూశాకే ఆయన చీటీ మీద నన్ను అద్దేవాడు. గేదెలు అబద్ధం చెప్పవు, వాటిచేత చెప్పించేవాళ్లూ లేరు.

ఆయన పోయాక మేనల్లుడు చక్రధరం నన్ను పట్టుకుపోయాడు. వీడూ డాక్టరేనట, మనుషులకి. థూ! గుంటూరులో ఒక మేడ మీద పిల్లల్ని దారిలో పెట్టే కేంద్రం తెరిచాడు. ఆడపిల్ల ఆడపిల్లని ఇష్టపడినా, మగపిల్లాడు మగపిల్లాణ్ణి ఇష్టపడినా, కన్నవాళ్లే రెక్క పట్టుకుని అక్కడికి ఈడ్చుకొచ్చేవాళ్లు. వీడు ముంజేతికి తీగలు చుట్టి, వాళ్లు ఇష్టపడ్డవాళ్ల ఫోటో చూపిస్తూ కరెంటు పెట్టేవాడు. పిల్లలు ఏడ్చి ఏడ్చి “మారిపోయాను సార్” అనగానే నన్నెత్తి కార్డు మీద టపీమని కొట్టేవాడు. ఆ తడి సిరా నాకు మురుగులా కంపు కొట్టేది.

మేఖలకి పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది. క్లాసులో ఇంకో అమ్మాయిని ఇష్టపడడమే ఆ పిల్ల చేసిన నేరం. తల్లి విజయకుమారి మొదటిరోజే చక్రధరంతో, “కార్డులో జబ్బు పేరు మాత్రం రాయకండి సార్, రేపు సంబంధాలు రావద్దూ?” అంది. అక్కడికొచ్చే ప్రతి తల్లీ తండ్రీ అడిగేది అదే. వీడూ ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు. ఏడాదిలో ఆ ఖాళీ గడి కింద నన్ను మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారి పిల్లని నెల్లాళ్లు ఇక్కడే ఉంచేయమన్నాడు. తల్లి సంతకం పెట్టేసి వెళ్లిపోయింది. మేఖల అక్కడి ఆయాని బతిమాలి ఫోను తీసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేసింది.

మర్నాడే బాలల రక్షణ అధికారిణి సలోమి పోలీసులతో వచ్చింది. కార్డు తిప్పి చూసింది.

“మూడుసార్లు నయం చేశారే! ఏ జబ్బండీ?”

చక్రధరం ఒక కాగితం తీసి చూపించాడు. “తల్లి సంతకం ఉంది మేడమ్.”

“సంతకం ఉంటే పిల్లకి కరెంటు పెట్టేస్తారా? ఇలాంటి వైద్యం చేయకూడదని డాక్టర్లకి ఎప్పుడో చెప్పారు. మీ చెవికెక్కలేదా?”

మేఖల చొక్కా చెయ్యి పైకి లాగి ముంజేయి చూపించింది. నల్లగా కమిలిన మచ్చలు. అవి పడ్డ ప్రతిసారీ నయమైందని సాక్ష్యం చెప్పింది నేనే కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

కబురందుకున్న విజయకుమారి రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. “ఇంతకీ మా పిల్లకేం జబ్బు మేడమ్?”

“ఏ జబ్బూ లేదమ్మా. ఎప్పుడూ లేదు.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య, ఇప్పటికైనా అర్థమైందనుకున్నాను.

“అయితే ఆ ముక్కే ఒక కాగితం మీద రాసి స్టాంపు వేసివ్వండి మేడమ్. మావారికి చూపించాలి.”

అప్పటికే కానిస్టేబులు నన్ను సాక్ష్యం కింద కవరులో వేసి మూతి అంటిస్తున్నాడు. మేఖల చొక్కా చెయ్యి కిందికి దించుకుంది. తల్లి వంక చూడలేదు.

“మేడమ్, నేను మా పిన్ని దగ్గరికి వెళ్తాను,” అంది.