ఎవరి పేరు ముందు?

కబలుకన్‌లో నోర్హాయా గొంతు తెలియనివాళ్లు లేరు. పొద్దున్నే ఊరి రేడియోలో చేపల ధరలు, పెళ్లిళ్లు, చావులు చెప్పేది ఆవిడే. ఏ దారిలో సైన్యం ఉందో, ఏ దారిలో తిరుగుబాటుదారులు ఉన్నారో చెప్పేదీ ఆవిడే. నది అవతల కాల్పులు మొదలయ్యాక చేపల ధరలు ఎవరికీ పట్టడం మానేశాయి.

అవతలి పల్లెల జనమంతా వచ్చి బడి ఆవరణలో పడ్డారు. నోర్హాయా అత్తగారు సైమా మాత్రం మేకను తోలుకుని నేరుగా కోడలింట్లో దిగింది. ఆవిడ వెనకే ఇద్దరాడపడుచులు, వాళ్ల పిల్లలు. స్నానాల గది దగ్గర రోజూ ఒక యుద్ధం.

"మొదటి వాన పడిపోయింది, మొక్కజొన్న ఎప్పుడు వేస్తాం?" అని అత్తగారు రోజుకోసారి అడిగేది, కాల్పులు ఆపడం కోడలి చేతుల్లో ఉన్నట్టు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఊరంతా 'దాతూ' అని గౌరవంగా పిలిచే మేయరు సలిగన్‌కి మళ్లీ గెలవాలని ఉంది. శాంతి తెచ్చిన మేయరంటే ఓటెయ్యనివాడు ఎవడు? పైవాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకుని, తిరుగుబాటుదారుల నాయకుడు కమాండర్ గియామెల్‌కి కబురు పెట్టాడు. "ఇద్దరం నమ్మే మనిషి ఒకరు మధ్యలో ఉండాలి" అన్నాడు గియామెల్. అలా నోర్హాయాకి పిలుపు వచ్చింది. గియామెల్ ఆవిడ అత్తగారికి అక్క కొడుకే.

చిత్తడి మధ్య ఒక చేపల చెరువు గట్టు మీద, తాటాకు పాకలో కూర్చున్నారు. కాల్చిన తిలాపియా చేపలు, అన్నం, కాఫీ. అసలు సంగతులు భోజనం పూర్తయ్యేలోపే తేలిపోయాయి. సైన్యం వంతెన తెరుస్తుంది. గియామెల్ మనుషులు కాలవ వెనక్కి జరుగుతారు. కోతలయ్యేదాకా ఎవరూ తుపాకీ పేల్చరు. జనం ఇళ్లకు వెళ్తారు.

"ఇంతేనా?" అంది నోర్హాయా ఆశ్చర్యంగా. "ఇంత చిన్న దానికి ఇన్నాళ్లూ మా ఇంట్లో పిల్లలు నేల మీద పడుకున్నారా?"

చిక్కంతా ప్రకటన దగ్గర వచ్చింది.

"మేయరు చొరవతో, అని మొదలెడదాం" అన్నాడు సలిగన్.

"మీ చొరవేంటి దాతూ? వెనక్కి జరిగేది నేను. నా పేరు ముందుండాలి."

"నీకు ఓట్లు లేవుగా గియామెల్!"

"అందుకే ఎన్నికలయ్యాక చెప్పమంటున్నాను. నా మొహంతో మీరు ఓట్లడుక్కోవడం నాకిష్టం లేదు."

"అయ్యాక చెప్తే నాకేం ఒరుగుతుంది?"

కాఫీలు మూడుసార్లు తిరిగాయి. 'అంగీకరించారు' అన్న మాట దగ్గర కాసేపు, 'వెనక్కి' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగారు. ఇంతలో గియామెల్ మనిషి ఒకడు ఫోను తెచ్చి నాయకుడి ముందు పెట్టాడు. ఊరి బజార్లో అప్పుడే కట్టిన ఫ్లెక్సీ. ఎప్పుడో ఏదో పెళ్లిలో తీసిన ఫొటో, సలిగన్ గియామెల్ భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. కింద పెద్దక్షరాలు: 'లొంగదీసింది మన దాతూయే!'

మేయరు ఫోను వైపు తొంగిచూశాడు. "నాకు తెలీదు. ప్రచారం చూసేది మా బావమరిది. వాడికి తొందరెక్కువ."

గియామెల్ లేచి పడవెక్కాడు.

ఇంటికొచ్చిన కోడలి మొహం చూసి సైమా ఆ రోజు మొక్కజొన్న ఊసెత్తలేదు. మేక తాడు సరిచేసుకుంటూ కూర్చుంది. అది నోర్హాయాకి తిట్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున నోర్హాయా మైకు ముందు కూర్చుంది. పాకలో అనుకున్నవన్నీ వరసగా చదివింది. "నిన్న నా ఎదుటే ఇద్దరూ ఒప్పుకున్నవి ఇవి. సంతకాలు కాలేదు. ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఆగిపోయింది. మా అత్తగారిని తీసుకుని నేను వంతెన దగ్గరికి వెళ్తున్నాను. రావాలనుకున్నవాళ్లు రండి. భయమున్నవాళ్లు ఆగండి, తప్పేం లేదు."

వంతెన చేరేసరికి వెనక సగం బడి ఉంది. నెత్తిన చాపలు, చంకన కోళ్లు.

అక్కడ కాపలా ఉన్న సైన్యం కెప్టెన్ వెర్గారా అడ్డం వచ్చాడు. "కాగితం ఏదమ్మా?"

"రేడియో విన్నారా?"

"విన్నాను."

"మేయరూ వినే ఉంటాడు. కాదంటాడేమో అడగండి."

కెప్టెన్ ఫోను చేశాడు. సలిగన్ గొంతు బయటికి వినిపించేంత గట్టిగా, "ఎంతమంది ఉన్నారక్కడ? అందరూ ఓటర్లేనా? వదలండి, వదలండి! నేనూ వస్తున్నాను!"

వంతెన అవతల కొసన గియామెల్ మనుషులు తుపాకులతో నిలబడి ఉన్నారు, మధ్యలో గియామెల్. నోర్హాయా అడుగు ఆగింది. సైమా మాత్రం ఆగలేదు.

"ఒరేయ్ గియామెల్! అలా గుడ్లప్పగించి చూస్తావేంట్రా? ఈ మేక వంతెన బల్లల మీద నడవనంటోంది. వచ్చి ఎత్తుకో!"

వాళ్ల మనుషుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. గియామెల్ తుపాకీ వాడి చేతికిచ్చి వచ్చి మేకను ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మేయరు జీపు దిగాడు, వెనకే కెమెరాతో బావమరిది. "ఇటు, ఇటు చూడండి!" గియామెల్ చూశాడు, మేకను మొహానికి అడ్డం పెట్టుకుని. అటు తిరిగితే అటు మేక, ఇటు తిరిగితే ఇటు మేక. బావమరిది ఎన్ని ఫొటోలు తీసినా, నవ్వుతున్న మేయరూ, పక్కన గడ్డం ఊపుకుంటున్న మేకే.

"అమ్మాయ్," అన్నాడు గియామెల్ నోర్హాయాని దాటుతూ, మెల్లగా, "నన్నడక్కుండా చెప్పావు."

"అడిగితే ఒప్పుకునేవాడివా బావా?"

"ఒప్పుకునేవాణ్ని కాదు." మేకను దించి, తన మనుషులకు కాలవ వైపు చెయ్యి చూపించాడు.

సలిగన్ స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు. శాంతి వల్లేనా, బియ్యం పంచడం వల్లా అని ఊళ్లో ఇప్పటికీ వాదులాడుకుంటారు. సంతకాలు మొక్కజొన్న కంకి వేసే రోజుల్లో జరిగాయి. రెండు కాగితాలు రాయించారు, ఒకదాంట్లో ఒకరి పేరు ముందు, రెండోదాంట్లో ఇంకొకరిది.

వంతెన దాటిన రోజు మాత్రం సైమా తన ఇంటి ముందు నిలబడి చాలాసేపు చూసింది. తలుపు లేదు. కప్పుకి చిల్లులు. పొయ్యి రాళ్లు మూడూ ఉన్నాయి. నోర్హాయా అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి విడిపించుకుని, చీపురు కోసం వెతకడం మొదలెట్టింది.