బోదిల్ అన్న మాట

“ఊపిరి పీల్చు. ఆపు. ఇక వదులు. బాగుంది.”

ఆసుపత్రిలో ఎమ్మారై స్కాను గది అద్దం ఇవతల కూర్చుని మైకులో ఈ మాటలే చెబుతూ బోదిల్ ముసలిదైపోయింది. కిటికీ లేని గది. మైకు బొత్తాం నొక్కినొక్కి బొటనవేలు వంకరపోయింది. ఇంట్లో రై రొట్టె కోసుకుంటున్నా యంత్రం గోల చెవులను వదలదు. ఎలా ఉన్నావని మొగుడు బతికుండగా అడిగినా, అతను పోయాక చెల్లెలు అడిగినా, “బాగుంది” అనే అంది. వేరే మాట అలవాటు కాలేదు.

అద్దం అవతల యంత్రపు సొరంగంలో మలేనె పడుకుని ఉంది. ఏడో నెల. బిడ్డ గుండె సగమే ఎదిగింది. పుట్టేదాకా దాన్ని నిలబెట్టాల్సింది మావి. అది ప్రాణవాయువు సరిగా అందిస్తోందో లేదో చూడడానికే ఈ ఫోటోలు. డేనిష్‌లో మావిని తల్లికేకు అంటారు. అందుకే లోపలికి వెళ్లేముందు, ఇనుము తీసుకెళ్లకూడదని సైకిలు తాళంచెవి గుమ్మం దగ్గరి పళ్ళెంలో పడేస్తూ మలేనె నవ్వింది.

“బోదిల్, నా కేకు పొంగిందో లేదో చెప్పు. మా అత్తగారి కేకులా అడుగంటిందంటే ఊరుకోను!”

“చెప్పేది డాక్టరమ్మే. నేను వట్టి ఫోటోలు తీసేదాన్ని.”

తల్లికి మాస్కు పెట్టి ప్రాణవాయువు పంపితే మంచి మావి తెరమీద తెల్లబడుతుంది. ఇది తెల్లబడలేదు, నల్లగానే ఉండిపోయింది. బోదిల్ తెరకు దగ్గరగా వంగి చూసింది. ఫోటో మాత్రం చెదరలేదు. “బాగుంది” అంది. ప్రతి ఫోటోకీ అలాగే అంది.

బయటికొచ్చి మలేనె ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి.

“అన్నిసార్లూ బాగుందన్నావు! లోపల ఏడ్చేశాను తెలుసా? ఇవాళైనా నిద్రపోతాను.”

బాగుందన్నది ఫోటో తల్లీ, మావి కాదు. మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఫలితం చెప్పే హక్కు ఆవిడకు లేదు.

“డాక్టరమ్మ మాట్లాడుతుంది, వెళ్లు” అంది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ సంతోషంలో మలేనె పళ్ళెం సంగతే మరిచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం డాక్టర్ వింథర్ తలుపు దగ్గర నిలబడింది.

“పొద్దుటి అమ్మాయి... మళ్లీ చూసేసరికి బిడ్డ గుండె ఆగిపోయింది. పురిటిగదికి పంపాం. ఒకటే మాట పట్టుకుంది. బోదిల్ బాగుందంది కదా, అని.”

బోదిల్ మైకు వైపు తిరిగింది. సొరంగంలో అప్పటికే ఇంకో గర్భిణి పడుకుని ఉంది.

“ఊపిరి పీల్చు. ఆపు. ఇక వదులు.”

ఆపై నోరు రాలేదు. లోపలి నుంచి ఆ గర్భిణి గొంతు వినిపించింది.

“ఏమైంది? బాగాలేదా?”

వంకర బొటనవేలు బొత్తాం నొక్కింది.

“బాగుంది.”

గుమ్మం దగ్గరి పళ్ళెంలో, కొత్తమ్మాయి ఉంగరం పక్కన, సైకిలు తాళంచెవి అలాగే ఉంది.