మడమ దెబ్బ

పొక్లెయిన్ మళ్లీ గోడను గుద్దింది. పైకప్పు నుంచి పెచ్చులు ఊడి ఆమె నెత్తిన రాలాయి. తలుపు ఎంత గుంజినా కదల్లేదు. లోపలివైపు గడియ లేదు, తాళం లేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆ యంత్రం రొదలో ఆమె కేక ఎవరికి వినిపిస్తుంది?

కూల్చే ముందు భవనం కొలతలు తీయడం ఇంజనీరుగా ఆమె పని. అడిగి మరీ తెచ్చుకుంది. ఒకప్పుడిది చెవిటి పిల్లల వసతి బడి. ఆమె అన్న ఇక్కడే చదివాడు. ఒక మధ్యాహ్నం కుట్టుగదికి నిప్పంటుకుని అతని స్నేహితులిద్దరు పోయారు. కిటికీలోంచి దూకి బతికినందుకు నింద అన్న మీద పడింది. ఆటకని లోపల గడియ పెట్టాడన్నారు. ఈ బడిలో ఏ తలుపుకీ బయట గడియే లేదని సాక్ష్యం చెప్పింది అప్పటి వార్డెను, అంటే వాళ్ల సొంత మేనమామ. భోజనం కాగానే పిల్లల్ని గదుల్లోకి తోలి కునుకు తీసే మనిషి. ఆ తర్వాత అన్న పెళ్లి వద్దన్నాడు, నలుగురిలోకి రావడం మానేశాడు.

ఇవాళ కుట్టుగది గుమ్మం బయట, నేలలో వేలు పట్టేంత కన్నం కనిపించింది ఆమెకి. సిమెంటుతో పూడ్చి ఉంది. పాత చోటు కడసారి చూస్తానని వెంట వచ్చిన మావయ్యనే అడిగింది, ఇదేమిటని. చెదలమ్మా అన్నాడాయన. చివరి గదిలో కూడా పట్టాయేమో చూడమన్నాడు. ఆమె లోపలికి వెళ్లి వంగిందో లేదో, వెనక తలుపు మూసుకుంది.

గోడ పగిలి వెలుగు లోపలికి దూరింది. ఆమెకి అన్న ఎప్పుడో సైగల్లో చెప్పింది గుర్తొచ్చింది. ఈ బడికి గంట లేదు, నేలే గంట. గదులకీ వరండాకీ కలిపి ఒకే చెక్క నేల పరిచారు. పంతులు కాలితో తడితే చివరి పిల్లాడి పాదానికీ తెలిసేది. అందుకే లోపల ఎవరూ చెప్పులు వేసుకునేవారు కాదు. పొద్దున తనతో పాటు వచ్చిన అన్న కూడా పాత అలవాటున చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు.

ఆమె బలమంతా కూడదీసుకుని నేలను తన్నింది. ఆగింది. మళ్లీ తన్నింది.

బయట తలుపు అడుగున చెక్క ఊడిన చప్పుడు. ఇనుము గీరుకుంది. తలుపు తెరుచుకుంది. అన్న ఆమె చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ వరండా దాటించాడు. వెనక గోడ కుప్పకూలింది.

ముంగిట్లో మేస్త్రీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. భవనం ఖాళీ అయిందని చెప్తేనే యంత్రం కదిలించానని ఒట్టేశాడు. ఎవరు చెప్పారని ఆమె అడిగేలోపే మావయ్య అడ్డొచ్చాడు.

"పాత తలుపు బిగుసుకుపోయి ఉంటుంది, కోడలా. అయినా ఇక్కడ బయట గడియలెక్కడివి?"

"గడియ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదుగా, పెద్దాయనా," అన్నాడు మేస్త్రీ. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

అన్న చేతులు గబగబా ఆడుతున్నాయి. వాడికి ఆ రోజు నుంచే మతి సరిగా లేదని, పట్టించుకోవద్దని మావయ్య అన్నాడు.

చిన్నప్పటి నుంచీ అన్న సైగలకి ఆమే గొంతు. పెద్దల ముందు సగం మింగేసి చెప్పేది. ఇవాళ ఒక్క ముక్క మింగలేదు.

"ఆ రోజు మంటకి ముందు నేల మీద ఒక మడమ దెబ్బ తెలిసిందంటున్నాడు. అదేమిటో ఇన్నేళ్లూ అంతుపట్టలేదట. ఇవాళ వరండాలో ఉండగా మళ్లీ అదే దెబ్బ. తిరిగి చూస్తే నా తలుపు దగ్గర ఒక మనిషి కాలు వెనక్కి తీసుకుంటున్నాడట. నా తన్నులు పాదానికి తెలిశాకే లోపల నేనున్నానని అర్థమైందట. తలుపు అడుగున చెక్క వెనక దాచిన గడియ అది, మడమతో నొక్కితే నేలలోకి దిగుతుంది."

మేస్త్రీ అడిగాడు, ఆ మనిషెవరని.

అన్న రెండు వేళ్లు పై పెదవి మీద పెట్టి మీసం దువ్వినట్టు తిప్పాడు. ఈ బడి పిల్లలు వార్డెనుకి పెట్టిన పేరు అది.

ఆమె ఆయన కళ్లలోకి చూస్తూ, అందరికీ వినపడేలా చెప్పింది.

"అప్పుడూ ఇప్పుడూ గడియ వేసింది మా మావయ్య."