ఒక్క మీట

"ఇగ రేపట్నుంచి నువ్వు దుకాణానికి రాకున్నా నడుస్తది పద్మా" అన్నారు మా ఆయన అనంతరావు, నేను పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుండగా. వరమిచ్చినట్టే అన్నారు. రొట్టె మాడింది. మాడినవి నా కంచంలోకే వస్తాయి, ఎవరూ చెప్పనక్కర్లేదు.

మాది చంద్రపూర్‌లో లారీ విడిభాగాల దుకాణం. రాజురాలో ఒకటి, పద్మాపూర్‌లో ఒకటి పెట్టాక ఏ బేరింగు ఎక్కడుందో తెలియక మా ఆయన రోజంతా ఫోన్లో అరిచేవారు. పెళ్ళికి ముందు నేను నాగపూర్‌లో జావా నేర్చుకున్నాను. ఇంటి పని తెమిలిన మధ్యాహ్నాల్లో కూర్చుని, మూడు దుకాణాల కంప్యూటర్లూ టెలిఫోను తీగ మీద మాట్లాడుకునేలా ప్రోగ్రాం రాశాను. రాజురాలో బేరింగు అమ్ముడైతే ఇక్కడి సరుకులో తగ్గుతుంది. అయితే పొద్దున్నే దాన్ని లేపడం పెద్ద తతంగం. ముందు సరుకు వివరాలుండే కంప్యూటర్, తర్వాత ఎవరెక్కడున్నారో మిగతావాటికి చెప్పే ప్రోగ్రాం, ఆ తర్వాత ఒక్కో దుకాణం. వరస తప్పితే అన్నీ మూగబోతాయి. ఆ వరస నాకొక్కదానికే తెలుసు. అందుకే రోజూ తొమ్మిదింటికి చీర మార్చుకుని, తల దువ్వుకుని దుకాణానికి వెళ్ళేదాన్ని. గంటసేపు నాకో కుర్చీ ఉండేది. ఉప్పెక్కడ, తువ్వాలెక్కడ అని ఎవరూ అడగని గంట.

దీపావళికి మరిది నవనీత్, అతని భార్య ప్రతిభ పుణె నుంచి వచ్చారు. ప్రతిభ ఉద్యోగం సరిగ్గా ఇదే. పెద్ద కంపెనీల్లో పది చోట్ల నడిచే జావా ప్రోగ్రాములు కట్టడం, నడపడం తేలిక చేస్తుందట. నేను అరిసెలు వండుతుంటే ఆమె మా దుకాణంలో రెండు రోజులు కూర్చుంది. అన్నం అక్కడికే పంపారు. "పాపం పిల్ల, తల నొస్తుందో ఏమో, చాయ పంపు" అన్నది అత్తమ్మ. నాకూ తల ఉందని ఆమెకు ఇన్నేళ్ళలో గుర్తు రాలేదు.

మూడో రోజు అందరినీ పిలిచి ప్రతిభ ఒక్క మీట నొక్కింది. అన్నీ వాటి వరసలో అవే లేచాయి. రాజురా ప్రోగ్రాంను కావాలని ఆపింది, కాసేపటికి అదీ తనంతట తానే లేచింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఆమె రాసిందంతా కళ్ళు పొడుచుకుని చదివాను. దొరకలేదు. దొరికి ఉంటే ఆ పూట నాకు అన్నం సయించేది.

"అక్కా, అసలు పనంత నీదే. నేను వరస ఒక్కటి దాన్ల పెట్టిన" అన్నది ప్రతిభ. మంచి పిల్ల. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. చెడ్డదైతే తిట్టుకోవచ్చు.

"వదినెకు రోజు వచ్చే తిప్పలు తప్పినయి" అన్నాడు నవనీత్. మా ఆయన గర్వంగా తల ఊపారు. ఆ రాత్రే పెనం దగ్గర నాకు ఆ వరమిచ్చారు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. కిందటేడు నా ప్రోగ్రాం చూసి, మందుల హోల్‌సేల్ వ్యాపారి రామకిషన్ గారు "గిది ఎవరు చేసిండ్రు? మా నాలుగు దుకాణాలకు గూడ కావాలె" అని అడిగారు. "మా ఆమె ఖాళీగుండి ఏదో చేసిందిలే" అని మా ఆయన నవ్వి మాట మార్చారు. నేను పక్కనే చాయ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

నాకు ప్రతిభ మీద కుళ్ళు. దాచుకోను. ఆమె జీన్సు ప్యాంటు మీద కాదు, కత్తిరించిన జుట్టు మీద కాదు. సరే, జుట్టు మీద కొంచెం ఉంది. ఆమె అలిసిపోతే ఇల్లంతా చూస్తుంది. ఆమె చేసేదానికి ఉద్యోగమని పేరుంది, నెల తిరిగేసరికి జీతముంది. అదే పని నేను చేస్తే ఖాళీ. ఇప్పుడు నా గంట కూడా ఆమె చేతుల్లోనే పోయింది. పోయిందని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ నాకు మేలు చేశామనే అనుకుంటున్నారు.

మర్నాడు తొమ్మిదింటికి చీర మార్చుకున్నాను.

"మీటతోని అయితున్నది గదా, ఇగ ఏడికి?" అన్నది అత్తమ్మ.

"పనుంది అత్తమ్మా. పప్పు, బియ్యం కుక్కర్ల పెట్టిన. పొయ్యి ముట్టిస్తె చాలు. మీ కొడుక్కు చెప్పుండ్రి, గ్యాసుకు గూడ ఒక్క మీటనే."

జట్‌పురా గేటు దగ్గరి మందుల దుకాణంలో రామకిషన్ గారు నన్ను చూసి లేచారు. వదినెను ఆయన మరాఠీలో వహినీ అంటారు. "ఏంది వహినీ, మందులేమన్న కావాల్నా?"

"మీ దుకాణాలు కలిపే ప్రోగ్రాం నేను చేస్త. ఒక్క మీటతోని లేస్తది" అన్నాను. తప్పులు వెతకబోయి ప్రతిభ పద్ధతంతా నేర్చేసుకున్నాను.

ఆయన కూర్చోమని కుర్చీ జరిపారు. "బసా వహినీ. అనంతరావుకు ఎరుకేనా?"

"ఇంటికి పోయినంక చెప్త."

ఆయన కాగితం, కలం దగ్గరికి లాక్కున్నారు. "మరి ఎంత తీసుకుంటరు?"

నన్ను ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొంత తగ్గించి చెప్పబోయాను. అప్పుడు ఆ కుళ్ళే నన్ను ఆదుకుంది.

"పుణెల గిదే పనికి మా తోటికోడలు ప్రతిభకు ఎంతిస్తరో, నాగ్గూడ గంతే."